శ్రీ నృసింహుని కృశించు హస్తము
(జ్యోతిర్మఠ క్షేత్రము – దాని ఐతిహ్యములు – మన కర్తవ్యము)



బదరీనారాయణుని దర్శించి వచ్చినవారందరును జోషీమఠము అను చిన్న కొండపట్టణమును చూచియే యుందురు. బస్సు అక్కడ ఆగును. అలసినవారు ఒక రాత్రి విశ్రమింతురు. కొందరు నృసింహాలయమునకు వెళ్ళి నమస్కరింతురు. తెల్లవారగానే ధ్యాసయంతయు బదరి మీదనే గనుక ఆ ఊరిని మరచిపోవుదురు. అది గమ్యము కాదు, దారిలోని మజిలీ యని మన భావన. కాని పెద్దల దృష్టిలో అది మజిలీ కాదు. బదరికి అదియే వాకిలి. వాకిలి పదిలముగా నున్నప్పుడే గర్భగృహమునకు దారి యుండును.

2023వ సంవత్సరము జనవరి మాసములో ఆ ఊరి నేల క్రుంగినదనియు, ఇండ్ల గోడలు బీటలువారినవనియు పత్రికలలో చదివిన పిమ్మట, ఉపన్యాసానంతరమున మమ్ము సమీపించి భక్తులు పలుమార్లు ఒకే ప్రశ్న వేసినారు. “స్వామీ! నృసింహస్వామి చేయి విరిగినదా? బదరి దారి మూతపడు కాలము వచ్చినదా? స్వామి సంకల్పమే అట్లున్నచో మనము చేయగలిగినది ఏమున్నది?” ఈ ప్రశ్నలో భక్తి కలదు, భయము కలదు. వానితోబాటు కొంత బద్ధకము కూడ దాగియున్నది. మూడింటికిని సమాధానము చెప్పుట అవసరమని ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

క్షేత్ర పరిచయము

జోషీమఠము ఉత్తరాఖండ రాష్ట్రములో చమోలీ జిల్లాయందు, సముద్రమట్టమునకు సుమారు 1,880 మీటర్ల ఎత్తున, కొండవాలు మీద నున్న పట్టణము. 2011 జనాభా లెక్కల ప్రకారము పట్టణ జనసంఖ్య పదునారు వేలకు కొంచెము పైన. అక్కడినుండి బదరి సుమారు 45 కిలోమీటర్లు. కొండ దిగువన ధౌళీగంగ వచ్చి అలకనందలో కలియును. ఆ సంగమమునకు విష్ణుప్రయాగ యని పేరు. అలకనంద మార్గములోని పంచప్రయాగలలో మొదటిది అదియే. నారదమహర్షి అచ్చట శ్రీమహావిష్ణువును ఆరాధించెనని స్థలపురాణము.

జ్యోతిర్మఠమను పేరే వాడుకలో జోషీమఠమైనది. 2024లో ప్రభుత్వము ఆ తాలూకాకు జ్యోతిర్మఠమను ప్రాచీననామమునే మరల స్థిరపరచినది. శ్రీ శంకరభగవత్పాదులు స్థాపించిన నాలుగు ఆమ్నాయపీఠములలో ఉత్తరామ్నాయపీఠము ఇదియే. దీనికి అథర్వణవేదము నియతమైనదని మఠసంప్రదాయము. ప్రథమాచార్యులు తోటకాచార్యులవారు. తోడి శిష్యులు మందబుద్ధి యని తలచిన గిరియను శిష్యుడు, గురుశుశ్రూషయే విద్యగా, గురుకరుణయే గ్రంథముగా జ్ఞానవంతుడై తోటకాచార్యుడైన కథ మనకందరకు తెలిసినదే. మధ్యకాలములో సుమారు నూట అరువది యేండ్లకు పైగా ఆ పీఠము శూన్యముగా నుండి, 1941లో శ్రీ బ్రహ్మానంద సరస్వతీస్వామివారితో మరల వెలిగినది.

ఆ ఊరిలో ఒక మహావృక్షము కలదు. చూచుటకు అది కంబళిచెట్టు జాతికి చెందినది. స్థానికులు దానిని కల్పవృక్షమందురు. దాని నీడలోనే శంకరులు తపస్సు చేసి జ్యోతిని దర్శించిరనియు, అందువలననే జ్యోతిర్మఠమని పేరు వచ్చినదనియు చెప్పుదురు.

శ్రీవైష్ణవులకు కూడ ఈ స్థలము పరమపూజ్యము. నూట యెనిమిది దివ్యదేశములలో తిరుప్పిరిది యనబడునది ఇదియే యని పెద్దలు నిర్ణయించిరి. అచ్చటి పెరుమాళ్ళు పరమపురుషుడు, తాయారు పరిమళవల్లి. తిరుమంగై ఆళ్వారు తమ పెరియ తిరుమొళి యారంభమున పిరిదిని కీర్తించి, పిమ్మట బదరిని, సాలగ్రామమును, నైమిశారణ్యమును కీర్తించి, ఆ వెంటనే మన అహోబిలమునకును, తిరువేంగడమునకును దిగివచ్చిరి. హిమవంతములోని నృసింహక్షేత్రమునకును, మన నల్లమలలోని నృసింహక్షేత్రమునకును ఒకే భక్తిసూత్రమును ఆ మహాభక్తుడు కట్టియుంచెను. కనుక తెలుగువారికి జోషీమఠము పరాయి ఊరు కాదు.

అహోబిలములో స్వామి ఉగ్రరూపి. సింహాచలములో ఆ తాపము చల్లారుటకు సంవత్సరమంతయు చందనము ధరించును. జ్యోతిర్మఠములో సాలగ్రామశిలామూర్తియై, పద్మాసనస్థుడై, శాంతరూపమున నున్నాడు. హిరణ్యకశిపు వధానంతరము ప్రహ్లాదుని ప్రార్థనచే స్వామి శాంతించినది ఇచ్చటనే యని ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. శీతకాలమున మంచుచే బదరి మూసినప్పుడు ఉద్ధవ కుబేర మూర్తులు పాండుకేశ్వరమునకును, ఆదిశంకరుల గద్దె జోషీమఠ నృసింహాలయమునకును వేంచేయుట ఆచారము. ఆరు మాసములు హిమవంతము నిద్రించినను ఆరాధన నిద్రింపదు.

రెండు ఐతిహ్యములు

ఇప్పుడు ప్రశ్నకు మూలమైన కథకు వచ్చెదము. నృసింహమూర్తి హస్తములలో ఒకటి నానాటికి కృశించుచున్నదని స్థానికుల విశ్వాసము. ఆ మణికట్టు తెగిన దినమున, విష్ణుప్రయాగకు ఎగువనున్న జయ విజయ పర్వతములు రెండును ఒకటిగా కలిసి బదరికి పోవు దారి మూసికొనుననియు, అటుపిమ్మట బదరీనాథుడు భవిష్యబదరిలో ఆరాధన లందుకొనుననియు చెప్పుదురు. ఆ భవిష్యబదరి జోషీమఠమునకు తూర్పుగా, తపోవనము దాటి, సుభాయి గ్రామము పైన దేవదారు వృక్షముల నడుమ నున్నది. అచ్చటి శిలపై స్వామిరూపము కొంచెము కొంచెముగా వ్యక్తమగుచున్నదని భక్తులు చూపుదురు.

ఇది అందరు ఎరిగిన కథ. దీనికి ముందుకథ యొకటి కలదు. దానిని ఎరిగినవారు తక్కువ. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున అట్కిన్సన్ అను ఆంగ్లేయ అధికారి హిమాలయ మండలములను గూర్చి సంకలనము చేసిన గ్రంథములో కూడ అది ఎక్కినది.

పూర్వము కత్యూరి వంశపు రాజులు జోషీమఠమున రాజ్యము చేయుచుండిరి. ఒకనాడు రాజు వేటకు వెళ్ళియుండగా నృసింహస్వామి సామాన్య మానవరూపమున రాజగృహమునకు వచ్చి అన్నమడిగెను. రాణి ఆదరముతో వడ్డించెను. భుజించిన పిమ్మట ఆ అతిథి రాజుగారి శయ్యమీద పరుండి నిద్రించెను. రాజు తిరిగివచ్చి, తన శయ్యపై పరపురుషుని చూచి, ఒక్క మాటయైన అడుగక కత్తిదూసి చేతిమీద వ్రేసెను. గాయమునుండి రక్తము రాలేదు. పాలు కారెను. రాజు నిశ్చేష్టుడయ్యెను. రాణి చెప్పగా ఆయన దైవమని గ్రహించి పాదములపై పడి శిక్ష వేడెను.

స్వామి ఆ రాజును చంపలేదు. వంశము నశించునని శపించలేదు. “నీయందు ప్రసన్నుడనై వచ్చితిని, నీవు ఇట్లు చేసితివి. ఇకమీదట ఈ స్థలము విడిచి కత్యూరు లోయకు పొమ్ము. ఈ గాయము నా మూర్తియందు కూడ కనబడును. ఆ హస్తము పడిపోయిన దినమున నీ వంశవైభవము కూడ తీరును” అని తెలిపెను. రాజు పరివారముతో తరలిపోయెను. జోషీమఠమును కత్యూరీలు విడిచిపోవుటకు ప్రజలు చెప్పుకొన్న కారణమిది. ఆ కాలముననే కొండచరియలు జారుటచే వారు తరలియుందురని కొందరు చరిత్రకారుల ఊహ. ఊహ నిజమైనను కాకున్నను, ఆ ఊరి ప్రజల జ్ఞాపకములో “ఒకప్పుడు ఈ కొండను విడిచి పోవలసివచ్చినది” అను మాట తరతరములుగా నిలిచియున్నదని మాత్రము స్పష్టము.

కథను చదువవలసిన తీరు

ఐతిహ్యమును విన్నవారు రెండు విధముల పొరబడుదురు. ఒకరు “ఇదంతయు మూఢవిశ్వాసము” అని త్రోసివేయుదురు. మరియొకరు “అంతయు దైవనిర్ణయము, మనము నిమిత్తమాత్రులము” అని చేతులు ముడుచుకొందురు. మొదటివారికి కథయందు శ్రద్ధ లేదు. రెండవవారికి శ్రద్ధ కలదుగాని కథను పూర్తిగా వినలేదు.

పూర్తిగా వినినచో మూడు విషయములు తెలియును. మొదటిది, ఆ హస్తము తనంతట తాను కృశించుటలేదు. దానికి కత్తిదెబ్బ తగిలినది. కొట్టినవాడు మానవుడు. తన గృహములో నున్నది ఎవరో విచారింపక, తొందరపాటుతో కొట్టినాడు. కనుక ఆ సన్నబడిన మణికట్టును చూచినప్పుడు భక్తునికి కలుగవలసిన మొదటి తలపు “ప్రళయము ఎప్పుడు?” అనుట కాదు. “ఈ గాయము ఎవరి వలన?” అనుట.

రెండవది, ఆ హస్తము ఒక్కసారిగా తెగిపడలేదు. క్రమక్రమముగా సన్నబడుచున్నది. శిక్షింపదలచినవాడు గడువు ఇయ్యడు. గడువు ఇచ్చినవాడు హెచ్చరించుచున్నాడని అర్థము. వైద్యుడు నాడి చూచి “ఈ పథ్యము తప్పినచో ప్రమాదము” అని చెప్పినప్పుడు, అది మరణశాసనమని తలచి పథ్యము మానివేయుదుమా? అనాదరము చేసిన హెచ్చరికయే చివరకు విధియగును.

మూడవది మిక్కిలి ముఖ్యము. కథలో స్వామికి భవిష్యబదరి కలదు. ఒక దారి మూసికొన్నచో మరియొక చోట ఆయన వెలయును. సర్వవ్యాపికి చోటులేకపోవుట యుండదు. కాని ఆ కొండమీద కాపురమున్న గృహస్థునకు ఏ భవిష్యగ్రామము కలదు? ఆవును, పొలమును, తాతనాటి ఇంటిని అతడు ఎచ్చటికి తరలించును? దేవుని గూర్చి మనము దుఃఖింపనక్కరలేదు. ఊరివారిని గూర్చి దుఃఖింపవలెను.

నేల చెప్పిన మాట

శాస్త్రజ్ఞులు ఈ విషయమును తమ పరిభాషలో ఎన్నడో చెప్పియున్నారు. 1976లో నాటి గఢ్వాలు కమిషనరు మిశ్రా గారి అధ్యక్షతన ఒక సంఘము జోషీమఠమును పరిశీలించి నివేదిక సమర్పించినది. ఆ పట్టణము మూలశిల మీద కట్టినది కాదు, పూర్వమెప్పుడో విరిగిపడిన కొండచరియల ఇసుకరాతి కుప్పపై కట్టినది అని అందు స్పష్టముగా తెలిపిరి. భారమైన కట్టడములు కట్టరాదు, వాలునందలి బండలను త్రవ్వియు ప్రేల్చియు తీయరాదు, చెట్లు నరుకరాదు, చెట్లు విరివిగా నాటవలెను, వాననీరు మురుగునీరు భూమిలోనికి ఇంకిపోకుండ పక్కా కాలువలు కట్టవలెను, క్రింద నదులు కొండపాదమును కోయకుండ అడ్డుకట్టలు వేయవలెను అని సూచించిరి. ఈ మాటలలో అర్థముకానిది ఏదియు లేదు. ఇసుకకుప్పపై నీరుపోసి, పైన బరువుపెట్టి, క్రింద త్రవ్వినచో ఏమగునో సముద్రతీరమున ఆడుకొను బాలుడు కూడ ఎరుగును.

తరువాత జరిగినది లోకవిదితము. ఊరు పెరిగెను. యాత్రికుల కొరకు అంతస్తుల మీద అంతస్తులు లేచెను. వాడిన నీరంతయు గుంతలలోనికి, గుంతలనుండి కొండ కడుపులోనికి ఇంకెను. దిగువన రహదారులకును, జలవిద్యుత్తు సొరంగములకును పనులు సాగెను. 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగలో అకస్మాత్తుగా వచ్చిన వరద తపోవనము వద్ద పనివారిని అనేకులను పొట్టనబెట్టుకొని, ధౌళీగంగ వెంట క్రిందికి పారెను. ఆ వరద మొదట తాకిన రేణీ గ్రామము సామాన్యమైనది కాదు. 1974లో గౌరాదేవి యను పల్లెపడుచు తోడి స్త్రీలతో కలిసి చెట్లను కౌగిలించుకొని గొడ్డళ్ళ నాపిన గ్రామమది. అక్షరములు నేర్వని ఆ తల్లులు, చదువుకొన్న మనకంటె ముందుగానే కొండ నాడిని చూచిరి.

2023 జనవరి ప్రారంభములో ఊరిలో ఒకచోట నేలనుండి బురదనీరు ఉబికివచ్చెను. గోడలు, వీధులు బీటలువారెను. జనవరి 6న ఒక చిన్న ఆలయము కూలెను. 2022 డిసెంబరు 27 మొదలు పండ్రెండు దినములలో నేల 5.4 సెంటీమీటర్లు క్రుంగినదని ఉపగ్రహ చిత్రములు తెలిపెను. ఎనిమిది వందలకు పైగా కట్టడములలో బీటలు గుర్తించిరి. వందలాది కుటుంబములు మంచుకాలపు రాత్రులలో ఇండ్లు విడిచి తాత్కాలిక వసతులకు పోయెను. సొరంగమే కారణమని ఊరివారును, కాదని దానిని నిర్మించువారును వాదించిరి. వదులైన నేల, కాలువలులేని నీరు, కట్టడముల భారము అనునవి మాత్రము 1976 నాటి మాటలే మరల వినబడెను. న్యాయనిర్ణయము మా పని కాదు. కాని నలుబది యేడు సంవత్సరముల క్రిందట నేల ఇచ్చిన హెచ్చరికను మనమందరము విననట్లు నటించితిమని చెప్పుట మా పని.

అదే సంవత్సరము ఏప్రిలు 27న బదరీ కవాటములు యథాప్రకారము తెరచుకొనెను. ఆ యేడు బదరిని దర్శించినవారు 18 లక్షలకు పైనే. నృసింహాలయమున అర్చనలు నేటికిని జరుగుచున్నవి. కనుక “దారి మూతపడినదా?” అను ప్రశ్నకు సమాధానము: మూతపడలేదు. మూతపడకుండ నుండుటకు ఏమి చేయవలెనో అడుగుటయే ఇక మిగిలిన ప్రశ్న.

అథర్వణవేదము చెప్పిన మార్గము

ఇచ్చట ఒక సంగతిని సావధానముగా గమనింపవలెను. జ్యోతిర్మఠమునకు నియతమైనది అథర్వణవేదమని ముందు చెప్పితిమి. ఆ వేదముయొక్క పండ్రెండవ కాండము ఆరంభముననే పృథివీసూక్తము కలదు. అరువదిమూడు మంత్రములలో ఋషి భూమిని తల్లియనియు, తాను ఆమె పుత్రుడననియు చెప్పుకొని స్తుతించెను. అందులో ఒక మంత్రముయొక్క భావమిది: తల్లీ, నీలో నేను త్రవ్వినది త్వరగా మరల పూడి పెరుగుగాక, నీ మర్మస్థానమును, నీ హృదయమును నేను గ్రుచ్చకుందునుగాక.

ఋషి త్రవ్వరాదనలేదు. జీవించువాడు త్రవ్వక తప్పదు. దున్నవలెను, బావి త్రవ్వవలెను, పునాది తీయవలెను. కాని రెండు నియమములు చెప్పెను. త్రవ్వినది మరల పూడునంత మేరకే త్రవ్వవలెను. మర్మస్థానమును తాకరాదు. దేహమునకు మర్మములున్నట్లు భూమికిని మర్మములు కలవు. మనిషి చేతిమీద గాయము మానును, మర్మముమీద దెబ్బ మానదు. విరిగిపడిన చరియపై నిలిచిన కొండవాలు, రెండు నదులు కోయుచున్న కొండపాదము, ఇవి మర్మములు కాక మరేమి? ఏ పీఠమునకు ఏ వేదము నియతమైనదో ఆ వేదములోని ప్రార్థనయే ఆ ఊరికి ఔషధముగా నుండుట యాదృచ్ఛికమని మేము తలపము.

మనము కూడ ప్రతిదినము ఉదయమున నేలపై పాదము మోపకమునుపు భూదేవిని క్షమాపణ వేడుదుము. వేడిన క్షమాపణకు తగిన నడవడిక లేనిచో అది నోటిమాట యగును.

యాత్రికుని కర్తవ్యము

“ఇవన్నియు ప్రభుత్వము చేయవలసిన పనులు, మేమేమి చేయగలము?” అని మీరు అడుగవచ్చును. ఆ అంతస్తులు ఎవరి కొరకు లేచినవి? మన కొరకే. గదిలో వేడినీరు లేదని కోపించినవారము మనమే. పది మంది యుండు చోట నలుబది మందిమి దిగినది మనమే. కత్యూరి రాజు కథలో గృహస్థుడు అతిథిని కొట్టెను. నేటి కథలో అతిథియే గృహస్థుని కొట్టుచున్నాడు. కొండ మనకు అన్నము పెట్టి, పరుండుటకు చోటిచ్చినది. ఆ కొండపైననే మనము కత్తి ఎత్తితిమి.

కావున బదరీయాత్ర చేయదలచిన భక్తులు కొన్ని నియమములను వ్రతముగా స్వీకరింపవలెనని మా విన్నపము. యాత్రికుల సంఖ్యకు ప్రభుత్వము పరిమితి విధించినప్పుడు దొడ్డిదారిని వెదుకక ఆ పరిమితిని దీక్షానియమముగా భావింపవలెను. నీటిని తీర్థమువలె మితముగా వాడవలెను. విలాసవసతిని కోరక సామాన్య సత్రములతో తృప్తిపడవలెను. తీసికొనిపోయిన ప్లాస్టిక్కును మరల క్రిందికి తెచ్చుకొనవలెను. హుండీలో వేయు కానుకలో కొంత భాగమును ఇల్లు కోల్పోయిన కుటుంబములకును, చెట్లు నాటువారికిని ఇయ్యవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, జోషీమఠములో ఒక పూట నిలిచి, నృసింహుని ఎదుట కూర్చుండి, ఆ కృశించిన హస్తమును భయముతో కాక పశ్చాత్తాపముతో దర్శింపవలెను.

ఈ మాట హిమాలయమునకే పరిమితము కాదు. మన తిరుమల, శ్రీశైలము, అహోబిలము, సింహాచలము, యాదగిరి అన్నియు కొండలే. ప్రతి కొండకును దేవుడున్నట్లే ప్రతి కొండకును మోయగల బరువు ఇంత యని యున్నది. దేవుడు కొండనెక్కినది మనము కొంచెము శ్రమించి, కొంచెము తగ్గి, తేలికయై తన యొద్దకు రావలెననియే. మన బరువునంతయు కొండనెత్తిన పెట్టుట ఆయన అభిమతము కాదు.

ఆ మణికట్టు ఇంకను తెగలేదు. తెగనంతకాలము గడువు కలదు. గాయము చేసినవాడు మానవుడైనప్పుడు, గాయము మాన్పుటకు ప్రయత్నింపవలసినవాడును మానవుడే. మన ప్రయత్నమునకు తోడుగా స్వామి అనుగ్రహము తప్పక కలుగును. ఏలయన, కొట్టినప్పుడు కూడ ఆయన చేతినుండి కారినది రక్తము కాదు, పాలు.

శ్రీ లక్ష్మీనృసింహార్పణమస్తు.
శుభం భూయాత్.